ఎడమ కాలి కిక్కు

మొదటి బండిగా జావా కొన్నావంట కదా అబ్బీ. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెప్పడమేమిటి, మొరపెట్టుకుంది. “వాడి ఈడు పిల్లకాయలంతా లీటరుకు అరవై ఇచ్చే బండ్లు చూసుకుంటాంటే, వీడు పోయి పోయి తాతల కాలం బండి తెచ్చినాడు నాయనా” అని. తాతల కాలమంటే ఎవరి కాలం? నాదే కదా. నాతోనే ఆ మాట అనేసి ఫోను పెట్టేసింది. నేనేం నొచ్చుకోలేదులే. మేము వాడి వదిలేసిన కాలాన్ని మీరు షోరూముల్లో లక్షలు పోసి కొంటున్నారంటే నాకు లోలోపల గర్వంగానే ఉంది.

కొత్తొక వింత, పాతొక రోత అనేవాళ్ళు మా పెద్దలు. ఇప్పుడు అది తిరగబడింది. అయితే ఆ పాతదనం నా బండిలో ఎంత ఉండేదో, నీ బండిలో ఎంత ఉందో తేలాలంటే కాస్త ఓపిక పట్టాలి. నీకు ఓపిక తక్కువని నాకు తెలుసు. అయినా మీ అవ్వ లోపల ఉగ్గాణి కలుపుతోంది. బజ్జీలు వేగేదాకా నువ్వు ఎలాగూ కదలవు, కాబట్టి విను.

నేను బండి కొన్నది 1982లో. అప్పట్లో హిందూపురమంటే చింతపండు మండీ, బెల్లం మండీ, పట్టుగూళ్ళ అంగడి. ఈ మూడింటి చుట్టూ ఊరు. వీధిలో మోటారు సైకిలు చప్పుడు వినపడితే అది ఎవరిదో ఇంట్లో కూర్చునే చెప్పేసేవాళ్ళం. డాక్టరుగారిది బుల్లెట్, మండీ సావుకారుది రాజ్‌దూత్, కరెంటాఫీసు ఇంజనీరుది లాంబ్రెట్టా. మిగతా జనమంతా సైకిళ్ళే. స్కూటరు కావాలంటే డబ్బుంటే చాలదు, జాతకం కూడా కలిసి రావాలి. చేతక్ బుక్ చేస్తే ఏళ్ళకేళ్ళు కాచుకోవాల్సిందే. పెళ్ళి కుదిరిన రోజున అల్లుడి పేరున స్కూటరు బుక్ చేస్తే, అది ఇంటికొచ్చే వేళకు ముందర నిలబడడానికి ఒక పిల్లవాడు, వెనక తల్లి ఒడిలో కూర్చోడానికి ఇంకొక పిల్ల తయారుగా ఉండేవాళ్ళు. అమెరికాలో చుట్టముంటే, వాళ్ళు పంపిన డాలర్లు కట్టి వరస దాటి ముందుకు పోవచ్చు. మాకు దూరపు చుట్టమంటే పెనుకొండలో ఉండే మా మేనత్తే.

నేను బడిపంతుల్ని. మడకశిర దోవలో ఒక పల్లెలో ఉద్యోగం. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. అవి కూడా డ్రైవరు మనసును బట్టి. బండి కొంటానంటే మా నాయన “సైకిలుంది కదప్పా” అన్నాడు. డబ్బులు ఇవ్వనని చెప్పడానికి ఆయనకు అంతకన్నా మాటలు అక్కరలేదు. దాంతో చీటీ పాడాను. ఆ నెల నాతో పోటీ పడింది ఒక పెళ్ళికూతురి తండ్రి. నేను తెగించి ఎక్కువ నష్టానికి పాడేసరికి పాపం ఆయన వెనక్కి తగ్గాడు. ఆ పెళ్ళి తర్వాత బాగానే జరిగిందిలే, కానీ పందిట్లో నాకు మాత్రం రెండో లడ్డు వేయలేదు.

చేతికొచ్చింది నాలుగున్నర వేలు. ఏ బండి కొనాలని టీ అంగట్లో పంచాయితీ పెట్టారు. టీ ముప్పై పైసలు, సలహాలు ఉచితం. బుల్లెట్ మద్రాసులో తయారయ్యేది, రాజ్‌దూత్ ఉత్తరాది నుంచి వచ్చేది, జావా మైసూరుది. ఎవరు పట్టిన కుందేటికి వాళ్ళు మూడే కాళ్ళంటారు కదా. రాజ్‌దూత్ వాళ్ళకు బాబీ సినిమా పెద్ద అండ. 1973లో వచ్చిన ఆ సినిమాలో కుర్ర హీరో తోలిన పొట్టి బండి ఆ కంపెనీదే. మా మండీ సావుకారు బండి ఆ పొట్టిది కాదు, పాలక్యాన్లు కట్టుకునే పెద్దది. అయినా ఆయన దాని మీద కూర్చోగానే జేబులోంచి దువ్వెన తీసేవాడు. దువ్వడానికి తల మీద పెద్దగా ఏమీ మిగల్లేదన్నది వేరే విషయం.

మాది కన్నడ దేశానికి ఆనుకున్న ఊరు. మైసూరు బండికి సామాను బెంగళూరులో దొరుకుతుంది, బెంగళూరు మాకు దగ్గర. అదీ లెక్క. ఆ బండి పుట్టిల్లు మాత్రం మైసూరు కాదు, చెకోస్లొవేకియా. 1929లో ప్రాగ్‌లో యానెచెక్ అనే ఆయన మొదలుపెట్టిన కంపెనీ. మన దేశంలో దాన్ని తయారు చేయడానికి ఇరానీ కుటుంబం వాళ్ళు ఐడియల్ జావా అని పెట్టి, మైసూరు యాదవగిరిలో ఫ్యాక్టరీ కట్టారు. 1961లో మైసూరు మహారాజు జయచామరాజ ఒడయరు దాన్ని ప్రారంభించాడు. డెబ్బైల్లో జావా పేరు పోయి అదే బండి మీద యెజ్డీ అని రాసి అమ్మారు. జనానికి ఇవన్నీ పట్టవు. యెజ్డీ మీద పోయేవాణ్ణి కూడా “జావా పంతులు” అనే పిలిచేవాళ్ళు. నాది మాత్రం అసలు పేరున్న సెకండ్‌హ్యాండ్ బండే. మెరూన్ రంగు ట్యాంకు, దాని పక్కలకు మెరిసే క్రోమియం, ఒకే సిలిండరుకు రెండు సైలెన్సర్లు. ఒక సిలిండరుకు రెండెందుకని మా నాయన అడిగాడు. “ఒంటెద్దు బండికి రెండు కాడిమానులు కట్టించుకుంటివా?” అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

సెకండ్‌హ్యాండ్ బండి బేరానికి ఒక పద్ధతుండేది. ముందు సైలెన్సరు మూతిలో వేలు పెట్టి తిప్పాలి. నూనె జిడ్డు ఎంత అంటుకుందో చూడాలి. తర్వాత సీటు మీద కూర్చుని బండిని అటూ ఇటూ ఊపాలి. ఆ పైన ముఖం ముడుచుకుని “చూద్దాంలే” అనాలి. ఆ చివరిదే ముఖ్యం. నాతో వచ్చిన మెకానిక్ సాయిబు ఆ ముడుచుకునే పనిలో దిట్ట. అమ్మేవాడికి ఆయన ముఖం చూస్తే తన బండి మీద తనకే అనుమానం పుట్టేది. బేరం కుదిరాక బెంగళూరు నుంచి ఎలహంక, దొడ్డబళ్ళాపురం, గౌరీబిదనూరు మీదుగా ఇద్దరం బండి మీదే ఊరు చేరాం. దారిలో ఎక్కడ ఆగినా నలుగురు చుట్టూ చేరేవాళ్ళు. వాళ్ళు చూడ్డానికి వచ్చింది నన్ను కాదు, కిక్కును.

ఆ కిక్కు సంగతి చెప్తాను, అదే అసలు ముచ్చట. నీ బండికి కిక్కే లేదు, మీట నొక్కితే చాలు. మా జావాకు ఎడమ వైపు ఒకే కడ్డీ. అదే గేరు, అదే కిక్కు. దాన్ని ఇంజను వైపుకు లోపలికి తోసి, పైకి తిప్పి నిలబెడితే కిక్కు అవుతుంది. ఎడమ కాలితో ఒక్క తన్ను తన్ని, స్టార్టు అయ్యాక మళ్ళీ కిందికి వంచి ముందుకు పెడితే గేరు అవుతుంది. ఊళ్ళో బుల్లెట్‌కు, స్కూటర్లకు కిక్కు కుడి వైపున. కొత్తవాడు ఎవడైనా నా బండి ఎక్కితే ముందు కుడి కాలితో గాల్లో తన్నేవాడు. తర్వాత కిందికి వంగి వెతికేవాడు. “సారూ, కిక్కు యాడ పడిపోయింది?” అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. దాని తాళంచెవి పేరుకే తాళంచెవి. ఒక జావా తాళం ఇంకో జావాకు పడుతుందని అనుకునేవాళ్ళు. అయినా మా ఊళ్ళో జావా పోయిందన్న మాట నేను వినలేదు. దొంగకు కిక్కు దొరకాలి కదా!

బుల్లెట్ నుంచి జావాకు మారినవాళ్ళ అవస్థ ఇంకా వినోదం. ఆ రోజుల్లో బుల్లెట్‌కు గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. జావాకు తలకిందులు. డాక్టరుగారు ఒకరోజు సరదాపడి నా బండి అడిగి తీసుకున్నారు. గాంధీ సర్కిలు దగ్గర బ్రేకు అనుకుని గేరు తొక్కారు, గేరు అనుకుని బ్రేకు తొక్కారు. చివరికి ఒక ఎద్దుల బండి వెనక గడ్డిమోపులో వాలి ఆగారు. ఆయనకేమీ కాలేదు. మరునాటి నుంచి నా దగ్గర ఫీజు తీసుకోవడం మాత్రం మానేశారు. ఎవరికీ చెప్పవద్దని దాని అర్థం. ఇన్నాళ్ళూ చెప్పలేదు కూడా.

దాని గేరు కడ్డీలో ఇంకో తెలివి ఉంది. కాలితో గేరు నొక్కితే క్లచ్ తనంతట తానే వదిలేది. చేత్తో పట్టాల్సిన పని లేదు. క్లచ్ వైరు తెగినా ఇల్లు చేరుకోవచ్చు. పల్లె దారిలో తెగడమే దాని అలవాటు గనక ఆ తెలివి చాలాసార్లు మాకు అక్కరకొచ్చింది. అయితే కాలు ఊరికే గేరు మీద పెట్టుకుని తోలితే లోపల బెండు బిళ్ళలు కాలిపోయేవి. బెండంటే సీసాలకు బిరడాలు చేసే అదే బెండు. కాలు ఎక్కడ పెట్టుకోవాలో అన్న మర్యాద మనుషులకే కాదు, బండికీ ఉంటుందని సాయిబు అంటుండేవాడు.

ఇక పెట్రోలు. లీటరు ఆరు రూపాయలకు అటూ ఇటూ. మాది టూ స్ట్రోకు ఇంజను, దానికి పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. ట్యాంకు మూత అడుగునే చిన్న కొలత గిన్నె ఉండేది. బంకులో ఆ గిన్నెతో ఆయిలు కొలిచి పోసి, పెట్రోలు పోయించి, మూత బిగించి, సీటు పట్టుకుని బండిని నాలుగు ఊపులు ఊపాలి. ట్యాంకులో ఎంత ఉందో చూపించే ముల్లు లేదు. అది తెలియాలన్నా ఊపడమే. చెవి ట్యాంకుకు ఆనించి బుడబుడమని వింటే, సాయంత్రం దాకా చాలుతుందా లేదా అని చెప్పేయవచ్చు. అందుకే ఆ రోజుల్లో బంకుకు వచ్చే ప్రతి మగాడూ బండిని కావలించుకుని ఊగుతూ కనపడేవాడు. పెళ్ళాన్ని కూడా అంత దగ్గరగా తీసుకున్నాడో లేదో. నవ్వకు, మీ అవ్వ వింటుంది.

ఆయిలు ఎక్కువైతే పొగ. పొద్దున స్టార్టు చేస్తే మా వీధి మొత్తానికి దోమల మందు కొట్టినట్టుండేది. తక్కువైతే అంతకన్నా ముప్పు. దానికి మా బావమరిది కథ ఉంది. ఎరువు సొమ్ము బరువు చేటు అని సామెత. తెచ్చుకున్నవాడికి చేటని దాని అర్థం. బండి విషయంలో మాత్రం ఆ చేటు ఇచ్చినవాడికే. మా బావమరిది సంబంధం చూసుకోవడానికి పావగడ పోవాలని నా జావా అడిగాడు. బస్సులో దిగితే పిల్ల వాళ్ళు తక్కువగా చూస్తారంట. ఎల్లిపాయలు అమ్మే మనిషి దగ్గర కూడా పైసా విడవని వాడు కదా, దారిలో ఆయిలు డబ్బులు మిగిలించుకుని ఉత్త పెట్రోలు పోయించాడు. ఊరు ఇంకా రెండు మైళ్ళుందనగా పిస్టను బిగుసుకుని, వెనక చక్రం ఠక్కున నిలిచిపోయింది. పిల్ల ఇంటికి బండిని నెట్టుకుంటూ వెళ్ళాడు. చెమటలు కక్కుతూ, చేతులకు మసితో. ఆశ్చర్యమేమంటే వాళ్ళకు పిల్లవాడు కష్టపడే రకమని నచ్చాడు! ఆ పిల్లే నీ చిన్నవ్వ. ఆమెకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. నా పిస్టనుకు, రింగులకు, బెంగళూరు లేతులో బోరు పోయించినందుకు అయిన డబ్బులు కూడా ఇప్పటికీ రాలేదు.

ఎక్కడ ఉన్నాను? ఆఁ, సాయిబు. ఆ పిస్టను విప్పిన రోజు సాయిబు అంగట్లో ఒక ముక్కాలి పీట వేసి నన్ను కూర్చోబెట్టాడు. చూడమన్నాడు. పాయింట్లు ఎలా శుభ్రం చేయాలి, ప్లగ్గు మసి దేంతో గీకాలి, కార్బరేటరు పక్కనున్న చిన్న పిన్ను పెట్రోలు ఊరేదాకా ఎంతసేపు నొక్కాలి అన్నీ అక్కడే తెలిశాయి. చలికాలం ఆ పిన్ను నొక్కకపోతే బండి లేవదు. ఎండాకాలం నొక్కితే లేవదు. బ్యాటరీ దిగిపోతే అసలు లేవదు, నెట్టాల్సిందే. నెట్టడానికి మనుషులు కావాలి. మా వీధిలో ఎవరు ఎంత దూరం నెడతారో నాకు కచ్చితంగా తెలిసేది. ఎదురింటి వాళ్ళు మలుపు దాకా. పక్కింటి వాళ్ళు స్టార్టయ్యేదాకా. మా పెదనాయన కొడుకు మాత్రం నెడుతున్నట్టు చెయ్యి వేసి నడిచేవాడు. ఆస్తి పంపకాలప్పుడు ఆ సంగతి నాకు బాగా పనికొచ్చింది.

మర్యాదలూ వేరే. రచ్చకట్ట మీద పెద్దవాళ్ళుంటే సైకిలు దిగి నడిపించుకుపోవడం మా అలవాటు. బండి కొన్నాక దిగాలా వద్దా అని నాకు పెద్ద సందేహం వచ్చింది. దిగితే మళ్ళీ ఆ కడ్డీ తిప్పి తన్నాలి. చివరికి వేగం తగ్గించి, తల వంచి పోవడం దగ్గర రాజీ కుదిరింది. ఒంటరిగా నడిచి వచ్చే ముసలివాళ్ళు కనపడితే ఆపి ఎక్కించుకోవాల్సిందే, లేదంటే మరునాడు బడికి వచ్చి మరీ అడిగేవాళ్ళు. ఆడవాళ్ళు పక్కకు తిరిగి కూర్చునేవాళ్ళు. జావా చెయిను మొత్తం రేకు పెట్టెలో మూసి ఉండేది గనక చీర కుచ్చిళ్ళకు, పంచెలకు భయం లేదు. మీ అవ్వ ఆ ఒక్క గుణానికి ఆ బండిని ఒప్పుకుంది. దసరాకు ఆయుధపూజ చేసి, చక్రం కింద నిమ్మకాయ పెట్టించింది కూడా ఆమే.

తర్వాత 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది, యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చింది. ఒకటి లీటరుకు మా బండికి రెట్టింపు దూరం పోయేది, ఇంకొకటి కళ్ళు మూసి తెరిచేలోగా కనపడకుండా పోయేది. సైలెన్సరు లోపలి గొట్టాలు పీకేసి చప్పుడు పెంచుకుని మా జావా కుర్రాళ్ళు వాటితో పోటీకి దిగారు. చప్పుడులో గెలిచారు. పొగ మీద సర్కారు నిబంధనలు కూడా బిగిశాయి. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. నా బండిని అంతకు ముందే మడకశిర రైతు ఒకాయన కొనుక్కుపోయాడు. ఆయన దానికి పాలక్యాన్లు కట్టాడు. అది ఏమీ అనుకోలేదు.

మళ్ళీ 2018 నవంబరులో జావా పేరు లేచింది. అప్పుడు బుక్ చేసినవాళ్ళు నెలల తరబడి కాచుకున్నారని పేపర్లో చదివి నవ్వుకున్నాను. రూపంతో పాటు వెయిటింగు కూడా పాత పద్ధతిలోనే తెచ్చారు కదా అని. నీ బండి ఫోటోలు నిదానంగా చూశాను. ట్యాంకు అదే వాలు, సైలెన్సర్లు రెండు, సిలిండరుకు రెక్కలు. కానీ ఆ రెక్కలు చూపుకే. నీ ఇంజను నీళ్ళతో చల్లబడేది, ముందు చక్రం వెనక రేడియేటరు పెట్టారు. ఫోర్ స్ట్రోకు, ఆయిలు కలిపే పని లేదు. మాకు నాలుగు గేర్లు, నీకు ఆరు. మా బ్రేకు పట్టుకుంటే బండి ఆలోచించి ఆగేది, నీ బండి వెంటనే ఆగుతుంది.

కాబట్టి నువ్వు కొన్నది జావా వేషం వేసిన కొత్త బండి. తప్పుపట్టడం లేదు. నాటకంలో ఎవరైనా నారదుడి వేషం వేస్తే ఆయన్ను మేఘాల మీద నడవమని అడుగుతామా? మొదటి బండికి వేషమే మంచిది. నా బండిని ఇప్పుడు నీకిస్తే, రెండో రోజుకే ఫోన్లో ఏదో నొక్కి అమ్మకానికి పెట్టేస్తావు. నేర్చుకునేవాడి చేతికి ఆగే బ్రేకులుండాలి, వెలిగే దీపముండాలి. ఆ విషయంలో మీ అమ్మకు నేను గట్టిగానే చెప్పాను, వాడు మంచి పనే చేశాడని. మైలేజీ సంగతి ఎత్తగానే మాట మార్చాననుకో.

ఒక్కటే నీకు తక్కువ. నా బండి నాలుగు రోజులకొకసారి మొరాయించేది గనక నాకు మెకానిక్కు, బంకువాడు, బెంగళూరు లేతువాడు, వీధిలో నెట్టేవాళ్ళు అందరూ దగ్గరయ్యారు. నేను వెతుక్కుని పోలేదు, బండే తీసుకుపోయి పరిచయం చేసింది. సాయిబు పెద్దకొడుకు పెళ్ళికి మా ఇంటి నుంచి బిందె పోయింది, మీ అమ్మ పెళ్ళికి వాళ్ళింటి నుంచి సమోవర్ వచ్చింది. ఇప్పటికీ అటక మీద ఉంది, చూసుకో. నీ బండి అంత తొందరగా చెడదు. చెడినా సర్వీసు సెంటరు అద్దం ఇవతల కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు, అవతల ఎవరు విప్పుతున్నారో నీకు తెలియదు. నువ్వే ఆ అద్దం దాటి వెళ్ళి అడగాలి. అడుగు, ఏమనుకోరు. పని తెలిసినవాడికి చెప్పడమంటే ఇష్టం. జూలై నెల రెండో ఆదివారం జావా రోజని బెంగళూరులో పాత బండ్లవాళ్ళంతా చేరతారు. అక్కడికి పో. మెరూన్ రంగు ముసలి బండి ఒకటి పట్టుకుని కిక్కు ఒకసారి తన్నిమ్మని అడుగు. ఎడమ కాలితో తన్నాలి, మరిచిపోవద్దు.

సరే, బజ్జీల వాసన వస్తోంది, లేద్దాం. ఈసారి రైల్లో రావద్దు. తెల్లవారుజామునే బయలుదేరి దొడ్డబళ్ళాపురం మీదుగా నిదానంగా బండి మీద రా. రెండో హెల్మెట్ తెచ్చుకో, లేపాక్షి దాకా నేనూ వస్తాను. సైలెన్సరు మాత్రం మార్పించకు, చెప్తున్నా.